తువ్వాలు రాని ఇల్లు

బోటు తాడు విప్పే ముందు చేయవలసిన పనులు ఇవి.

అడుగున నీళ్ళు పోయే కన్నానికి బిరడా బిగించి ఉందో లేదో వంగి చేత్తో తడిమి చూడాలి. పెట్రోలు వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఏమన్నా అయితే పనికొచ్చేందుకు ఒక వంతు ఉండాలి. లైఫ్ జాకెట్టు ఉండవలసింది సీటు కింద కాదు, ఒంటి మీద. పట్టీలు కూడా బిగించాలి. ఇంజను మీట దగ్గర వేలాడే ఎర్ర తాడు కొస నడిపేవాళ్ళ నడుముకు తగిలించాలి. మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడుతుంది, తాడు ఊడితే ఇంజను ఆగిపోతుంది. గాలి ఎటునుంచి ఉందో, పోటు ఎప్పుడో చూసుకోవాలి. తెప్పల పక్కన మనిషి నడిచినంత మెల్లగా పోవాలి. బీరు తాగేది తిరిగొచ్చాకే. ఆఖరిది, ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒడ్డున ఒక మనిషికి చెప్పాలి.

మినోరి ఈ పాఠాన్ని రోజూ చెప్పేది. లైసెన్సు జేబులో పెట్టుకుని వచ్చినవాళ్ళకు కూడా చెప్పేది. చివర్న "అర్థమైందా?" అని ఆమె అడిగే తీరుకు పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా చేతులు కట్టుకుని మొదట్నుంచి అప్పజెప్పేవారు.

హిరోషిమా తీరంలో ఆ చిన్న అఖాతం నిండా ఆల్చిప్పల తెప్పలే. వెదురు తెప్పలకు తీగలు కట్టి, ఆ తీగలకు గుల్లలు గుచ్చి నీళ్ళలోకి వదిలితే ఆల్చిప్పలు పట్టుకుని పెరుగుతాయి. అక్కడ అందరి బతుకూ అదే. మినోరి నాన్న మాత్రం బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి మినోరి. చదువై తిరిగొచ్చి, నాన్న షెడ్డు ముందు నాలుగు తెల్లటి మోటారు బోట్లు కట్టి, సరదాగా షికారు వెళ్ళేవాళ్ళకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. తెప్పలవాళ్ళకు అది నచ్చలేదు.

అందరికంటే ఎక్కువ నచ్చనివాడు సోహే.

అక్టోబరులో ఒక ఉదయం అతను తన పని బోటును రేవుకు గుద్దినంత పని చేసి ఆపాడు.

"ఏయ్ కాలేజీ మేడం! నీ తెల్లబాతులు మా తెప్పల పక్కన ఎంత స్పీడుగా పోతున్నాయో చూశావా?"

"ఏ బోటు? ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం. నీలం టోపీ పెట్టుకున్నవాడు. వాడు లేపిన అలకి తెప్ప ఉయ్యాలలా ఊగింది. తీగల మీద ఆల్చిప్ప కాయలన్నీ రాలి అడుక్కి పోయాయి. రెండేళ్ళు పెంచాం వాటిని! ఇప్పుడేం చెయ్యమంటావు, నీ డిగ్రీ పట్టాతో తోడుకోమంటావా?"

తప్పు తనవైపే. మినోరికి తెలుసు. నడుము వంచి క్షమాపణ చెప్పడానికి సిద్ధపడింది కూడా. కానీ వంగినప్పుడు ఆమె కళ్ళు అతని నడుము మీద పడ్డాయి. జాకెట్టు లేదు. ఎర్ర తాడు మీట దగ్గరే గాలికి ఊగుతోంది.

అంతే, క్షమాపణ గొంతులోనే కాలిపోయింది.

"తప్పు మాదే. ఆ నీలం టోపీకి ఇక బోటివ్వను. సరేనా? ఇప్పుడు నేనడుగుతాను. నీ జాకెట్టేది?"

"ఏంటీ?"

"జాకెట్టు! తాడు! కళ్ళు లేవా? ఆల్చిప్పలు నీళ్ళలో పడితే ఇంత గోల చేస్తున్నావే, నువ్వు పడితే ఎవరు గోల చేస్తారు?"

"నేను పుట్టిందే బోటు మీద."

"పోవడం కూడా దానిమీదే అని రాసిచ్చావా?"

షెడ్డులో నాన్న సుత్తి చప్పుడు ఆగింది.

సోహే ఎప్పుడూ మాటకు మాట అంటించేవాడు. ఆ రోజు మాత్రం ముఖం తిప్పుకున్నాడు.  ఒంటిచేత్తో తాడు ముడి విప్పి, ఇంజను రేపి, రేవు కర్రలు కదిలిపోయేంత అల లేపుకుంటూ వెళ్ళిపోయాడు.

"అల! అల చూసుకో!" వెనకనుంచి అరిచింది మినోరి. "ఎవరికయ్యా నువ్వు పాఠాలు చెప్పేది!"

అంత కోపంలోనూ, అతను తాడును ఒంటిచేత్తో విప్పే తీరు బాగుందని ఆమెకు అనిపించింది. అలా అనిపించినందుకు కోపం రెట్టింపయింది.

సోహే స్కూల్లో ఆమెకంటే మూడు తరగతులు పైన. అమ్మానాన్నలు చిన్నప్పుడే దూరమైతే కిను బామ్మ పెంచింది. ఆ అఖాతంలో ఒక పద్ధతి ఉంది. తెప్పల్ని ఒక చోటినుంచి ఇంకో చోటికి లాగే ముందు, ఒడ్డు పొడుగునా ఉన్న ప్రతి ఇంటికీ ఒక పల్చటి నూలు తువ్వాలు మడిచి పట్టుకెళ్ళి నోటితో చెప్పిరావాలి. "రేపట్నుంచి మా తెప్పలు ఫలానా చోట ఉంటాయండీ. మీకు ఇబ్బంది, మన్నించాలి." సోహే ఇంటి తరఫున ఈ పని కిను బామ్మది. చివరి ఇల్లు మినోరి వాళ్ళది. బామ్మ అరుగు మీద కూలబడి, మోకాళ్ళు నొక్కుకుంటూ, బార్లీ టీ తాగి, తెప్పలెక్కడో చెప్పేది. మినోరి వెంటనే సముద్రం మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో దారులు మార్చి గీసుకునేది.

బామ్మ ఆ ఏడాది వానాకాలంలో పోయింది.

ఆ తగాదా తర్వాత మినోరి ఒక జాకెట్టును సోహే బోటులోకి విసిరింది. మర్నాడు చూస్తే అతను దాన్ని కింద వేసుకుని కూర్చున్నాడు.

"మెత్తగా ఉంది మేడం. ఇంకోటుంటే ఇవ్వు, ఆనుకోడానికి."

"నీ తలకి కట్టాల్సింది. అక్కడ ఖాళీ ఎక్కువ!"

తెప్పలవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. సోహే కూడా నవ్వబోయి, ఆపుకుని, ముఖం ముడుచుకున్నాడు.

తర్వాత గురువారం ఇవమి మాస్టారు వచ్చారు. ఇద్దరికీ లెక్కలు చెప్పిన మాస్టారు. రిటైరయ్యాక ప్రతి గురువారం బోటు తీసుకుని చేపలకు వెళ్ళడం ఆయన అలవాటు. వాన కురిసి వెలిసింది. మినోరి మ్యాపు మీద దారి గీసి ఇచ్చింది. ఆయన జాకెట్టు పట్టీలు బిగించుకుని, తాడు నడుముకు తగిలించుకుని, ఆమె అడక్కముందే పాఠమంతా అప్పజెప్పారు.

"ఐదింటికి వచ్చేస్తానమ్మా. ఐదు దాటితే తిట్టు."

"తప్పకుండా తిడతాను మాస్టారూ."

ఐదయింది. దాటింది. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. బడి గంటకు ఒక్క క్షణం ఆలస్యమైనా పిల్లల్ని వరండాలో నిలబెట్టిన మనిషి ఆయన. ఆలస్యం చేయరు. మినోరి తీరరక్షణ వాళ్ళకు ఫోను చేసింది. గస్తీ పడవ బయల్దేరుతుందన్నారు, కానీ దూరంలో ఉంది. మిగిలిన బోట్లలో రెండు షికారుకు పోయాయి. మూడోదాని ఇంజను విప్పి ఉంది. నాన్న అవతలి ఒడ్డుకు వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే రేవులో ఇంజను చప్పుడు.

"మేడం! మళ్ళీ నీ బాతొకటి..."

మినోరి చేతికందిన జాకెట్టొకటి లాక్కుని, రేవు మీంచి అతని బోటులోకి దూకింది.

"ఏయ్, ఏంటిది? దిగు!"

"తిట్లు తర్వాత. ఇవమి మాస్టారు తిరిగి రాలేదు. బోటు తిప్పు."

సోహే మీట మీద చెయ్యి వేశాడు.

"జాకెట్టు," అంది మినోరి.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మనమిద్దరం నీళ్ళలో పడితే మాస్టారినెవరు తీస్తారు?"

అతను కింద వేసుకున్న జాకెట్టును లాగి తొడుక్కున్నాడు. మినోరి కూడా తను తెచ్చుకున్నది వేసుకుని, ఎర్ర తాడు కొసను తనే అతని నడుము బెల్టుకు తగిలించింది. అతను బోటు తిప్పి వేగం పెంచాడు. 

"ఏ దారిన వెళ్ళారు?"

"దేవదారు దీవి వెనకనుంచి, లైటు స్తంభం వైపు. నేనే గీసిచ్చాను."

బోటు వేగం ఒక్కసారిగా పడిపోయింది. ముక్కు నీళ్ళలోకి దిగింది.

"ఆ దారి లేదు," అన్నాడు సోహే.

"అంటే?"

"సోమవారం మా తెప్పలు అక్కడికి లాగాం. కాయలకి కండ పడుతుందని."

"ఎవరికీ చెప్పకుండానా?"

"అందరికీ చెప్పాను. తువ్వాళ్ళు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మీ గేటు దాకా కూడా వచ్చాను." అతను నీళ్ళ వైపే చూస్తూ చెప్పాడు. "నువ్వన్న మాట గుర్తొచ్చింది. కోపమొచ్చింది. వెనక్కి తిరిగిపోయాను."

మినోరి కోపానికి ఎప్పుడూ చప్పుడుండేది. ఈసారి లేదు.

"నడుపు," అంది.

వాన కడిగిన ఆకాశంలో సూర్యుడు కిందికి దిగి, నీళ్ళ మీద వెలుగు కళ్ళలో పొడుస్తోంది. తెప్పలు నీళ్ళకు జానెడు ఎత్తున ఉంటాయేమో. దగ్గరికొచ్చేదాకా కనబడలేదు. ముందు కనిపించింది తెల్లటి బోటు. వెదురు మీదికెక్కి ఒక పక్కకు ఒరిగి ఉంది. ఇంజను చప్పుడు లేదు. తెప్ప అంచున ఒక మనిషి, వెదురు బొంగును రెండు చేతులా వాటేసుకుని, నడుము దాకా నీళ్ళలో.

సోహే మీట ముందుకు తోయబోయాడు.

"వద్దు! మెల్లగా. గాలికి ఎదురుగా రా. ప్రొపెల్లరు ఆయన వైపు రానివ్వకు. ఆ, చాలు. ఇంజను ఆపు. తాళం తీసెయ్."

చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఇద్దరూ జాకెట్టు పట్టీలు పట్టుకుని ఆయన్ని పైకి లాగారు. మాస్టారి పెదాలు నీలంగా ఉన్నాయి. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఐదు దాటిందా?" అన్నారు.

"దాటింది మాస్టారూ."

"అయితే తిట్టమ్మా."

మినోరి తిట్టలేదు. తన కోటు ఆయనకు చుట్టి, ఆ కోటులోనే ముఖం పెట్టుకుని ఏడ్చింది.

ఎండ కళ్ళలో పడి ఏమీ కనిపించలేదట. బోటు వెదురుకు తగలగానే ఆయన ఎగిరి నీళ్ళలో పడ్డారు. తాడు ఊడింది, ఇంజను ఆగింది. "లేకపోతే అది తిరుగుతూ నా కాళ్ళ మీదికే వచ్చేది," అన్నారు మాస్టారు. సోహే తన నడుముకున్న ఎర్ర తాడును చూసుకున్నాడు.

"ఈ దారిలోకి తెప్పలెప్పుడొచ్చాయి?"

సోహే బోటులో మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు చెక్కకు ఆనేలా వంగాడు. "తప్పు నాది మాస్టారూ." జరిగింది ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు.

మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "మిమ్మల్ని ఇప్పుడు ఏ వరండాలో నిలబెట్టను?" అన్నారు. 

మాస్టారిని ఆసుపత్రికి పంపాక, రేవు మీద మినోరి చప్పుడు తిరిగొచ్చింది.

"కోపం నా మీద. పోబోయింది మాస్టారి ప్రాణం!"

"తెలుసు."

"తెలుసు అనకు! తెలిస్తే ఇలా చేస్తావా? మీ బామ్మకీ మా నాన్నకీ ఒక ఇంజను గురించి గొడవై ఏడాదిపాటు మాటల్లేవు. గుర్తుందా? ఆ ఏడాది కూడా ఆవిడ తువ్వాలు తెచ్చింది. మా నాన్న ముఖం చూడకుండా గోడకేసి తిరిగి, తెప్పలెక్కడో గోడకి చెప్పి, తువ్వాలు అరుగు మీద పెట్టి పోయింది. ఆ మోకాళ్ళతో! నీకేం నొప్పి, గేటు తీయడానికి?"

"నేను పడితే ఎవరు గోల చేస్తారన్నావు కదా," అన్నాడు సోహే మెల్లగా.

"అన్నాను. అయితే?"

"నిజమే అన్నావు. రోజూ బామ్మకి చెప్పి వెళ్ళేవాణ్ణి. ఏ తెప్పకి వెళ్తున్నాను, ఎన్నింటికొస్తాను. తువ్వాలైనా, టైమైనా, ఇంట్లో అన్నీ ఆవిడే చూసుకునేది. ఇప్పుడు చెప్పడానికి మనిషి లేదు. వచ్చానా రాలేదా అని చూసేవాళ్ళు లేనప్పుడు జాకెట్టేమిటి, తాడేమిటి అనిపించింది. నువ్వు సరిగ్గా అక్కడే పొడిచావు."

 మినోరి జాలిని కూడా తిట్టులాగే బయటికి తోసింది.

"అది నోరు తెరిచి చెప్పాలి! అలలు లేపుకుంటూ పోతే నాకెలా తెలుస్తుంది?"

లోపలికి వెళ్ళి తలుపు ధడాలున వేసింది. ఆ తలుపు వెనకే నిలబడిపోయింది. సోమవారం దూరంగా ఒక పెద్ద పడవ సోహే తెప్పల్ని లాగుతుంటే తను చూసింది. ఎక్కడికో కనుక్కోవాలనుకుంది. వాణ్ణి నేనడగడమా, అనుకుని ఊరుకుంది. పాత దారే మాస్టారికి గీసిచ్చింది. తిట్టడానికి ఇంట్లో ఇంకెవరూ లేక, తనను తాను తిట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడయింది. సోహే. ఒంటి మీద జాకెట్టు. చేతిలో మడిచిన తువ్వాలు.

"రేప..." ఆగి సర్దుకున్నాడు. "సోమవారం నుంచి మా తెప్పలు దేవదారు దీవి వెనక ఉన్నాయండీ. మీకు ఇబ్బంది, మన్నించాలి."

మినోరి తువ్వాలు అందుకోలేదు. "సోమవారం లాగుతుంటే నేను చూశాను," అంది. "అడగలేదు. పొగరు. ఆ తప్పు నాది. అంతమాత్రాన నీది తగ్గిపోదు."

"తగ్గించమని అడగలేదు."

అప్పుడు అందుకుంది. అతను కదల్లేదు.

"ఇంకేంటి?"

"ఉత్తరం తెప్పల దగ్గరికి వెళ్తున్నాను. పదకొండింటికి వస్తాను."

"నాకెందుకు చెప్తున్నావు?"

"ఒడ్డున ఒక మనిషికి చెప్పాలన్నావు. పాఠంలో ఆఖరిది."

"ఇంకెవరూ దొరకలేదా?"

"నా మీద ఇంత కోపమున్న మనిషి ఇంకెవరూ లేరు. ఆలస్యమైతే వెతుక్కుంటూ వచ్చి మరీ తిట్టేది నువ్వే."

"పో ఇక్కణ్ణుంచి!"

వెళ్ళాడు. మినోరి ఆ పూట ముగ్గురికి పాఠం చెప్పింది. ముగ్గురికీ చెప్తూ మధ్యలో గడియారం చూసింది. పదకొండు కాబోతుండగా ఉత్తరం వైపు నుంచి ఒక బోటు, మెల్లగా, అల లేపకుండా వచ్చింది.

ఆ తర్వాత రోజూ అంతే. ఆమె క్షమించానని చెప్పలేదు, అతను అడగలేదు. గేటు దగ్గరికొచ్చి ఎక్కడికో, ఎప్పటికో చెప్పేవాడు. "వింటున్నావా?" "చెవులున్నాయిలే, పో." రాను రాను ఆ తిట్లు పొట్టివయ్యాయి. ఇవమి మాస్టారు మళ్ళీ గురువారాలు రావడం మొదలుపెట్టి, ఇద్దరినీ చూసి దగ్గు వచ్చినట్టు నటించేవారు. తెప్పలెప్పుడు కదిలినా ముందు తెలిసే ఇల్లు ఇప్పుడు మినోరి వాళ్ళదే.

ఆల్చిప్పల కోతల కాలంలో ఒక రోజు పదకొండయింది. బోటు రాలేదు. సన్నగా వాన పడుతోంది. ఫోను ఎత్తలేదు. మినోరి ఈసారి తన బోటే తీసింది. బిరడా, పెట్రోలు, జాకెట్టు, తాడు అన్నీ చూసుకుంది, తొందరలోనూ ఒక్కటీ వదల్లేదు. నాన్నకు కేక వేసింది, "ఉత్తరం తెప్పలకి! అరగంటలో రాకపోతే తీరరక్షణ వాళ్ళకి ఫోన్ చెయ్యి!"

సోహే ఉత్తరం తెప్ప మీద నిలబడి, ప్రొపెల్లరుకు చుట్టుకున్న పాత తాడును కోస్తున్నాడు. ఇంజను ఆపి, పైకెత్తి, తాళం జేబులో పెట్టుకుని, ఒంటిమీద జాకెట్టుతో, అన్నీ పద్ధతిగానే చేస్తున్నాడు. ఆమెను చూసి చెయ్యి ఊపాడు.

"చెయ్యి ఊపుతున్నాడు! పదకొండన్నావు!"

"తాడు చుట్టుకుంది. ఫోను తడిసింది. ఎంతైంది?"

"ఎంతైతే నీకెందుకు! నేనక్కడ ఏమేమి ఊహించుకుని చచ్చానో తెలుసా? వినిపిస్తోందా? ఇంకొక్కసారి ఇలా చేశావంటే నేను నిన్ను పెళ్ళి చేసుకోను!"

 పక్క తెప్పమీద పనిచేస్తున్న ఆడవాళ్ళు కత్తులు ఆపేశారు.

సోహే ముఖం మీద నీళ్ళు తుడుచుకున్నాడు. "నేనింకా అడగలేదే."

"అడగబోతున్నావుగా! నెల రోజులుగా గేటు దగ్గర అదే ముఖం వేసుకుని నిలబడుతున్నావు!"

"అడిగితే?"

"ముందు ఆ తాడు కోసి ఒడ్డుకు రా. మెల్లగా రా. వచ్చి అడుగు."

మెల్లగానే వచ్చాడు. వచ్చి, రేవు మీద నిలబడి, తడిసిన బట్టలతో అడిగాడు. "తిరిగొచ్చే టైము రోజూ నీకే చెప్పాలని ఉంది మినోరీ. బతికినన్నాళ్ళూ." ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. మినోరి తల ఊపింది. ఊపుతూనే, "జాకెట్టు పట్టీ వదులుగా ఉంది, చూసుకో," అంది.

షెడ్డులోంచి నాన్న బయటికొచ్చాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని మనిషి. సోహేను కిందినుంచి పైదాకా చూసి, "ఆ గొడవ ఏడాదైనా సరే, ఇవాళ కిను బామ్మ నా వైపు తిరిగి మాట్లాడేది," అన్నాడు. అంతే. లోపలికి పోయి సుత్తి పట్టుకున్నాడు, కానీ చాలాసేపు చప్పుడు వినబడలేదు.

పెళ్ళికి ముందు ఇద్దరూ కలిసి ఒడ్డు పొడుగునా ప్రతి ఇంటికీ తువ్వాళ్ళు పట్టుకుని వెళ్ళారు. పడేవాళ్ళింటికీ, పడనివాళ్ళింటికీ వెళ్ళారు. ఒక్క గడప కూడా వదల్లేదు.

మీరూ ఎప్పుడైనా మోటారు బోటెక్కుతారు. జాకెట్టు బిగించి, తాడు నడుముకు తగిలించుకుని, తిరిగొచ్చే వేళ ఒడ్డున ఒకరికి చెబుతారు. ఆ చెప్పేటప్పుడు ఒక్కసారి, నొప్పెట్టే మోకాళ్ళతో గేటు తీసుకుని వచ్చి, ముఖం చూడనివాళ్ళింట్లో కూడా గోడకు చెప్పి వెళ్ళిన కిను బామ్మను తలుచుకోండి.